నిదానపు సెగ మీద ఉలవచారు

ఉలవ మొండి గింజ. తాటాకు మంటకు లొంగదు. పెసరపప్పు, కందిపప్పు అరగంటలో మెత్తబడతాయి. ఉలవ మాత్రం రాత్రంతా నీటిలో నానిన తరువాత కూడా గంటల కొద్దీ సెగ తగిలితే గాని తన సారాన్ని నీటికి ఇవ్వదు. పొయ్యి దగ్గర కాచుకొని కూర్చునే తీరిక ఇంటిలో ఎవరికీ లేకుండా పోయిన నాటి నుండి ఉలవచారు మన వంటింటిని మెల్లగా విడిచిపెట్టింది. నేడు చాలామందికి అది విందులలో గిన్నెడు వడ్డించే వంటకం, లేదా అంగడిలో సీసాలలోనూ పొట్లాలలోనూ దొరికే వస్తువు.

విద్యుత్తుతో పనిచేసే స్లో కుక్కరు ఈ ఇబ్బందిని తీర్చగలదు. ఉదయం వేసి వెళితే సాయంకాలానికి ఉలవ తనంతట తానే ఉడికి ఉంటుంది. అయితే ఈ పాత్రను వాడడంలో ఒక ముఖ్యమైన మెలకువ ఉన్నది. అది తెలియక నానిన గింజలను నేరుగా అందులో పోసి, మీట తిప్పి, ఆఫీసుకు వెళ్ళిపోయేవారు ఉన్నారు. రుచి మాట అటుంచి, అది ఆరోగ్యానికి క్షేమకరం కాదు. ఆ మెలకువ ఏమిటో, మన పెద్దల పద్ధతిలో అది ముందే ఎలా ఇమిడి ఉన్నదో ఈ వ్యాసంలో వివరిస్తాను.

మా ఇంటి రాత్రి భోజనం

మాది కృష్ణా జిల్లాలో వ్యవసాయ కుటుంబం. నా చిన్నతనంలో మా ఇంట రెండు జతల ఎడ్లు ఉండేవి. దుక్కి రోజులలో వాటికి ఉలవలు ఉడికించి పెట్టడం తప్పనిసరి. పెద్ద కుండలో ఉడికిన ఉలవల మీద తేరిన చిక్కని నీటిని వంచి వంటింటికి తెచ్చేవారు. దానినే ఉలవకట్టు అంటాము. గుగ్గిళ్ళు ఎడ్లకు, కట్టు మనుషులకు. ఆ కట్టులో చింతపండు రసం, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు వేసి మరిగించి, ఇంగువ తాలింపు పెడితే అదే ఉలవచారు.

చలికాలపు రాత్రులలో వేడి అన్నంలో ఈ చారు పోసి, మీద వెన్నముద్ద వేసేవారు. నంజుకోవడానికి గుమ్మడి వడియాలు, పచ్చి ఉల్లిపాయ. పొలం నుండి వచ్చిన పెద్దలు, బడి నుండి వచ్చిన పిల్లలు ఒకే వరుసలో కూర్చుని తినే భోజనం అది. ఆ రాత్రి కూర ఏమిటని అడిగేవారే ఉండేవారు కారు.

ఈ ఉలవలను ఉడికించే పని మా నాయనమ్మది. తెల్లవారుజామునే కట్టెల పొయ్యి మీద కుండ ఎక్కించి, పెద్ద మంట వేసి, నురుగు పొంగి పొంగి అణిగేదాకా అక్కడే నిలబడేది. కుండలో గింజలు గిరగిరా తిరుగుతూ కళపెళా ఉడుకుతుండగా, ఆ తరువాత మాత్రమే కుండను దాలిలోకి మార్చేది. ఈ వరుసను పాఠకులు గుర్తుంచుకోవలసిందిగా కోరుతున్నాను. ముందు పెద్ద మంట, తరువాత దాలి.

దాలి చేసే పని

దాలి అంటే తెలియని తరం వచ్చింది. పెరటిలో ఒక మూల మట్టితో కట్టిన గుంట అది. అందులో పిడకలు పేర్చి నిప్పు వేస్తే మంట లేవకుండా లోలోపల కుములుతూ మూడు జాముల పాటు సెగ ఇచ్చేవి. పాలకుండ పెడితే సాయంకాలానికి పాలు ఎర్రగా కాగి, మందమైన మీగడ కట్టేది. ఉలవల కుండ పెడితే చిక్కని కట్టు తయారయ్యేది.

ఇటువంటి నిదానపు సెగ వలన మూడు ప్రయోజనాలు ఉన్నాయి. మొదటిది, గింజ పైన ఉన్న దళసరి పొట్టు నెమ్మదిగా మెత్తబడి, లోపలి పిండిపదార్థం కొద్దికొద్దిగా నీటిలోకి దిగుతుంది. చారుకు చిక్కదనం దాని వలననే వస్తుంది. రెండవది, అడుగంటదు. మాడిన వాసన పట్టిన ఉలవకట్టును ఏ తాలింపూ బాగుచేయలేదు. మూడవది, ఒకరు దగ్గరుండి కలుపుతూ ఉండవలసిన అవసరం లేదు. ఇంటి ఆడవారు పొలం పనికి వెళ్ళినా వంట సాగుతూనే ఉండేది.

స్లో కుక్కరు పుట్టుక, పనితీరు

ఆశ్చర్యకరమైన విషయం ఏమిటంటే, స్లో కుక్కరు అనే ఆధునిక సాధనం కూడా ఇటువంటి గింజల వంటకం నుండే పుట్టింది. అమెరికాలో దీనికి 1940లో పేటెంటు పొందిన ఇర్వింగ్ నాక్సన్ యూదు కుటుంబానికి చెందినవాడు. లిథువేనియాలోని విల్నియస్ ప్రాంతం నుండి వచ్చిన ఆయన తల్లి, తమ ఊరి పద్ధతిని ఆయనకు చెప్పేదట. యూదులకు శుక్రవారం సూర్యాస్తమయం నుండి శనివారం వరకు విశ్రాంతి దినం. ఆ సమయంలో వంట చేయరాదు. అందుచేత గింజలు, మాంసం, దుంపలు కలిపిన 'చోలెంట్' కుండను శుక్రవారం సాయంకాలం రొట్టెల బట్టీకి పంపితే, ఆరిపోతున్న బట్టీ వేడిలో రాత్రంతా ఉడికి మరునాటికి సిద్ధమయ్యేది. ఆ బట్టీ పనిని విద్యుత్తుతో చేయించాలన్న ఆలోచనే ఈ పాత్రకు మూలం. తరువాత రైవల్ అనే సంస్థ ఆయన వ్యాపారాన్ని కొని, 1971లో 'క్రాక్‌పాట్' పేరుతో దీనిని ఇంటింటికీ చేర్చింది. వారి రొట్టెల బట్టీ, మన పిడకల దాలి ఒకే పని చేశాయన్నమాట.

దీని నిర్మాణం సులువైనదే. లోపల మందమైన పింగాణీ పాత్ర, దాని చుట్టూ సన్నని వేడినిచ్చే విద్యుత్ తీగ, పైన గాజు మూత. సాధారణంగా ఇది 150 నుండి 300 వాట్ల విద్యుత్తును తీసుకుంటుంది. 'లో', 'హై', 'వార్మ్' అని మూడు స్థాయిలు ఉంటాయి. మొదటి రెండు స్థాయిలలోనూ చివరకు వేడి మరిగే స్థాయికి దగ్గరగా వస్తుంది. అయితే అక్కడికి చేరడానికి గంటల కాలం పడుతుంది. 'లో' స్థాయిలో వంట చాలాసేపు మరిగే స్థాయికి కిందనే నిలిచి ఉంటుంది. 'వార్మ్' అనేది ఉడికిన పదార్థాన్ని వేడిగా ఉంచడానికే గాని వండడానికి కాదు.

ముందు ఒక పొంగు ఎందుకు?

ఇదే ఈ వ్యాసంలోని ముఖ్యమైన విషయం. ఎండు గింజలలో లెక్టిన్లు అనే ఒక జాతి మాంసకృత్తులు సహజంగా ఉంటాయి. పచ్చిగా లేదా సగం ఉడికి కడుపులోకి వెళితే ఇవి పేగుల లోపలి పొరకు అంటుకొని వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి కలిగించగలవు. వీటిలో రాజ్మా గింజలోనిది మిక్కిలి తీవ్రమైనది. నాలుగైదు పచ్చి రాజ్మా గింజలు తిన్నా అస్వస్థత కలుగవచ్చునని అమెరికా ప్రభుత్వ ఆహార, ఔషధ సంస్థ హెచ్చరించింది. స్లో కుక్కరులో చాలీచాలని వేడిలో ఉడికిన రాజ్మా, పచ్చి గింజ కన్నా ఎక్కువ హాని చేయవచ్చునని కూడా ఆ సంస్థ పేర్కొన్నది. గింజలను కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీటిని పారబోసి, కొత్త నీటిలో 30 నిమిషాలు బాగా ఉడకనివ్వాలని దాని సూచన.

ఉలవలోనూ లెక్టిన్ ఉన్నది. దానికి వైద్యరంగంలో ఒక ప్రత్యేక స్థానం కూడా ఉన్నది. ఉలవకు వృక్షశాస్త్రంలో ఒకప్పటి పేరు డాలికోస్ బైఫ్లోరస్, ఇప్పటి పేరు మాక్రోటైలోమా యూనిఫ్లోరమ్. ఈ గింజ నుండి తీసిన లెక్టిన్ 'ఏ1' ఉపవర్గానికి చెందిన ఎర్ర రక్తకణాలను ఒకదానికొకటి అతుక్కుని గడ్డకట్టేలా చేస్తుంది. అందువలన రక్తనిధులలో 'ఏ' వర్గపు రక్తం ఏ ఉపవర్గానికి చెందినదో గుర్తించడానికి దానిని వాడతారు. పరీక్షనాళికలో రక్తకణాలను పట్టి ఉంచగల శక్తి గల పదార్థం మన చారు గింజలో ఉన్నదని తెలిసినప్పుడు, దానిని సగం ఉడికించి తినరాదన్న మాటకు విలువ తెలుస్తుంది. ఉలవ లెక్టిన్ రాజ్మాలోని దానంత ప్రమాదకరమని నేను చెప్పడం లేదు. అయితే ఎండు గింజ ఏదైనా స్లో కుక్కరులో వేసే ముందు కళపెళా ఉడకనివ్వడం ఇంటిల్లిపాదికీ క్షేమం. జీర్ణానికి అడ్డుపడే మరికొన్ని పదార్థాలు కూడా బాగా నానడం వలన, బాగా ఉడకడం వలన తగ్గుతాయి.

కట్టెల పొయ్యి మీద పొంగు వచ్చిన తరువాతనే దాలికి మార్చడంలోని మేలు ఇదే. మన జ్ఞాపకాలలో దాలి మిగిలింది, దాని ముందరి పెద్ద మంట మరుగున పడింది. స్లో కుక్కరు దాలికి బదులు మాత్రమే. కట్టెల పొయ్యికి బదులు కాదు.

కావలసిన పదార్థాలు (నలుగురికి)

ఉలవలు – 250 గ్రాములు
ఉడికించడానికి నీరు – 2 లీటర్లు
చింతపండు – నిమ్మకాయంత
ఉల్లిపాయలు – 2 (మధ్యరకం)
పచ్చిమిరపకాయలు – 4
బెల్లం – చిన్న ముక్క
పసుపు – పావు చెంచా
కారం – 1 చెంచా
ఉప్పు – తగినంత
కరివేపాకు, కొత్తిమీర – కొద్దిగా
తాలింపుకు: నెయ్యి 2 చెంచాలు, ఆవాలు, జీలకర్ర, నాలుగైదు మెంతిగింజలు, ఎండుమిరపకాయలు 2, వెల్లుల్లి రెబ్బలు 6, ఇంగువ చిటికెడు

ఈ కొలతకు 3 లేదా 3.5 లీటర్ల స్లో కుక్కరు సరిపోతుంది. పాత్ర సగానికి తక్కువ కాకుండా, మూడు వంతులకు మించకుండా నిండితే వేడి సమంగా అందుతుంది.

తయారుచేయు విధానం

1. ముందురోజు రాత్రి ఉలవలను పళ్ళెంలో పోసి మట్టిబెడ్డలు, రాళ్ళు ఏరివేయాలి. ఉలవలలో ఇవి మిగిలిన పప్పులలో కన్నా ఎక్కువ. గింజ రంగులోనే ఉండడం వలన చప్పున కంటికి ఆనవు. నాలుగైదు నీళ్ళు కడిగి, రాత్రి 8 గంటలకు పుష్కలంగా నీరు పోసి నానబెట్టాలి.

2. ఉదయం 6 గంటలకు నానిన నీటిని వంచివేసి, గింజలను మరొకసారి కడగాలి. లోతైన గిన్నెలో 2 లీటర్ల కొత్త నీరు పోసి గింజలు వేసి, పెద్ద మంట మీద పెట్టాలి. నీరు తెర్లడం మొదలైన క్షణం నుండి గడియారం చూసుకొని 30 నిమిషాలు ఉడకనివ్వాలి. పైకి వచ్చే నురుగును గరిటెతో తీసివేయాలి.

3. ఈలోగా స్లో కుక్కరు పింగాణీ పాత్రను గోరువెచ్చని నీటితో తొలిచి, 'హై' మీద కాసేపు వేడెక్కనివ్వాలి. చల్లని పింగాణీలో మరుగుతున్న నీరు ఒక్కసారిగా పోస్తే పగలవచ్చు. తరువాత ఉడుకుతున్న ఉలవలను నీటితో సహా జాగ్రత్తగా అందులోకి మార్చి, పసుపు వేసి, మూత పెట్టి 'లో' మీద 8 నుండి 9 గంటలు ఉంచాలి. తొందర ఉంటే 'హై' మీద 5 గంటలు చాలు. మధ్యలో మూత తీసి చూడరాదు. తీసిన ప్రతిసారీ వేడి తగ్గి వంట వెనుకబడుతుంది.

4. చింతపండును ఈ దశలో వేయరాదు. పులుపు తగిలితే గింజ పొట్టులోని పెక్టిన్ అనే పదార్థం కరగదు. ఎంతసేపు ఉడికినా గింజ గట్టిగానే ఉంటుంది. త్వరగా మెత్తబడుతుందని వంటసోడా వేయడమూ మంచిది కాదు. దాని వలన బి1 విటమిన్ నశిస్తుంది.

5. సాయంకాలం ఒక గింజను వేళ్ళ మధ్య నొక్కితే వెన్నలా నలగాలి. నలగకపోతే మరొక గంట ఉంచాలి. ఉడికిన తరువాత కట్టును వడకట్టి, గింజలను వేరుగా తీయాలి. ఒక గిన్నెడు గింజలను మెత్తగా రుబ్బి కట్టులో కలిపితే చారు చిక్కగా వస్తుంది.

6. స్లో కుక్కరు మూత కింద నీరు ఆవిరై పోదు. కాబట్టి చారు చిక్కబడడానికి పొయ్యి మీదికి మార్చాలి. కట్టులో చింతపండు రసం, నిలువుగా తరిగిన ఉల్లిపాయలు, చీల్చిన పచ్చిమిరపకాయలు, కారం, ఉప్పు, బెల్లం, కరివేపాకు వేసి 20 నుండి 25 నిమిషాలు మూత లేకుండా మరిగించాలి. స్టీలు గిన్నె గాని, మట్టిపాత్ర గాని వాడాలి. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలు పులుపుకు పనికిరావు.

7. నేతిలో తాలింపు వేయించి చారులో కలిపి, కొత్తిమీర చల్లి, పది నిమిషాలు మూత పెట్టి ఉంచి వడ్డించాలి.

ఉదయం ముప్పావుగంట, సాయంకాలం ముప్పావుగంట వంటింటిలో ఉంటే చాలు. మిగిలిన కాలమంతా పాత్ర తన పని తాను చేసుకుంటుంది.

గుగ్గిళ్ళను పారవేయకండి

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల ఎండు ఉలవలలో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు, 270 నుండి 290 మిల్లీగ్రాముల కాల్షియం, 7 నుండి 9 మిల్లీగ్రాముల ఇనుము ఉంటాయి. పీచుపదార్థం కూడా ఎక్కువే. అయితే ఈ బలమంతా చారులోకి దిగుతుందని భావించరాదు. మాంసకృత్తులలోనూ పీచులోనూ అధికభాగం గింజలోనే మిగిలి ఉంటుంది. కట్టు రుచికరమైనది, ఆకలిని పుట్టించేది. కడుపుకు బలమిచ్చేది మాత్రం గుగ్గిళ్ళే.

మా చిన్నతనంలో గుగ్గిళ్ళు ఎడ్ల పాలు. నేడు మన ఇళ్ళలో ఎడ్లు లేవు. కాబట్టి చారు తాగి గింజలు పారవేస్తే భోజనంలో సగం చెత్తబుట్ట పాలైనట్లే. మిగిలిన గింజలకు ఆవాలు, ఎండుమిరపకాయ, కరివేపాకు తాలింపు పెట్టి, కొబ్బరి కోరు, ఉల్లిపాయ ముక్కలు, నిమ్మరసం కలిపితే అదే రాత్రికి కూర, మరునాడు పిల్లలకు సాయంకాలపు చిరుతిండి. పళ్ళు లేని వృద్ధులకు మెత్తగా రుబ్బి అన్నంలో కలిపి పెట్టవచ్చు.

ఆయుర్వేద దృష్టిలో

ఉలవను ఆయుర్వేదం కులత్థ అంటుంది. చరక సంహిత సూత్రస్థానంలోని 27వ అధ్యాయం ఆహారద్రవ్యాల గుణాలను వివరిస్తుంది. అందులో కులత్థను కషాయరసం, ఉష్ణవీర్యం, అమ్లవిపాకం కలదిగా, కఫవాతాలను హరించేదిగా, మలాన్ని గట్టిపరచేదిగా చెప్పారు. దగ్గు, ఎక్కిళ్ళు, ఆయాసం, మూలవ్యాధి కలవారికి హితమని పేర్కొన్నారు. శుక్రాన్ని తగ్గించే గుణం కూడా దీనికి చెప్పబడింది. పప్పుధాన్యాలను ఎక్కువ నీటిలో ఉడికించి తీసిన ద్రవాన్ని యూషం అంటారు. మన ఉలవకట్టు ఒక విధమైన యూషమే.

ఉష్ణగుణం కలది కాబట్టి హేమంత, శిశిర ఋతువులలోనూ, వర్షాకాలంలోనూ ఇది అనుకూలం. గ్రీష్మంలో మానడం మంచిది. చలికాలపు రాత్రి వంటకంగా మన పెద్దలు దీనిని పెట్టుకోవడంలో ఈ వివేకం కనబడుతుంది. చారుకు వెన్నగాని, నెయ్యిగాని జోడించడం వలన ఉలవలోని రూక్షగుణం, వేడి కొంత శమిస్తాయి.

ఈ సందర్భంలో ఒక విషయం. నేడు విందులలో ఉలవచారు మీద పాల మీగడ పోసి వడ్డించడం వాడుక అయింది. చరకుడు 26వ అధ్యాయంలో విరుద్ధాహారాలను చెబుతూ పాలతో కూడరాని వాటిలో కులత్థను కూడా చేర్చాడు. పైగా చారులో చింతపండు పులుపు ఉన్నది. శాస్త్రాన్ని పాటించే కుటుంబాలు పాల మీగడకు బదులు వెన్న, నెయ్యి వాడుకోవడం ఉచితం.

ఎవరు జాగ్రత్తపడాలి?

అమ్లపిత్తం, కడుపులో పుండ్లు, ముక్కు నుండి రక్తం కారడం, అధిక ఋతుస్రావం వంటి పిత్తరక్త దోషాలు కలవారు దీనిని తీసుకోరాదు. గర్భిణులు వైద్యుని అడిగిన తరువాతనే తీసుకోవాలి. కీళ్ళవాతంతో పాటు రక్తంలో యూరిక్ ఆమ్లం ఎక్కువగా ఉన్నవారికి మితం అవసరం.

మూత్రపిండాల పని తగ్గినవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. పప్పుధాన్యాలలో పొటాషియం ఎక్కువ. అది ఉడికిన నీటిలోకి, అనగా మనం ఇష్టంగా తాగే కట్టులోకే దిగుతుంది. అటువంటి రోగికి పొటాషియం రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పే ప్రమాదం ఉన్నది. ఇంటిలో అందరికీ వండినా వారికి వేరే చారు పెట్టడమే మేలు.

మూత్రాశ్మరికి, అనగా మూత్రంలో రాళ్ళకు, ఉలవకట్టు తాగే ఆచారం మన నాట చాలా కాలం నుండి ఉన్నది. ఆయుర్వేద గ్రంథాలలోనూ దీనికి ఆధారం ఉన్నది. అయితే దానిని చికిత్సకు బదులుగా భావించరాదు. నా బంధువు ఒకరు నడుమునొప్పి తగ్గిందన్న ధైర్యంతో స్కానింగు మాని, నెలల తరబడి కట్టు మాత్రమే తాగారు. నొప్పి తగ్గినా రాయి కదలలేదు. మూత్రానికి అడ్డుపడి మూత్రపిండం వాచి, చలిజ్వరంతో ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. సకాలంలో చేరడం వలన మూత్రపిండం నిలిచింది. నొప్పి తగ్గడం, రాయి పోవడం రెండూ ఒకటి కావు. రాయి ఉన్నదని తెలిసినవారు దాని పరిమాణం, స్థానం పరీక్షతో తెలుసుకోవాలి. జ్వరం వచ్చినా, మూత్రం బందైనా, నొప్పి భరించరాకున్నా ఒక్కరోజు కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. రోజంతా తగినన్ని నీళ్ళు తాగడం ఎవరూ మానరాదు.

కొన్ని సందేహాలు – సమాధానాలు

స్లో కుక్కరు లేనివారు ఏమి చేయాలి?

ప్రెషర్ కుక్కరులో వండుకోవచ్చు. అందులో వేడి మరిగే నీటిని మించి సుమారు 120 డిగ్రీల దాకా పోతుంది. కాబట్టి లెక్టిన్ల భయం లేదు. గింజలు మెత్తబడేదాకా ఉడికించి, ఆ పైన మందపాటి గిన్నెలో సన్నని సెగ మీద ఒక గంట మరిగిస్తే నిదానపు వంట రుచి చాలవరకు వస్తుంది.

అమెరికాలో ఉన్న పిల్లలు తెచ్చిన స్లో కుక్కరును ఇక్కడ వాడవచ్చునా?

అక్కడి విద్యుత్తు 120 వోల్టులు, మనది 230 వోల్టులు. మన ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది, అగ్నిప్రమాదానికి కూడా అవకాశం ఉన్నది. ఇక్కడి విద్యుత్తుకు తగినది కొనుక్కోవడమే మేలు.

విద్యుత్తు ఎక్కువ ఖర్చు కాదా?

200 వాట్ల కుక్కరు 9 గంటలు పనిచేస్తే 2 యూనిట్లకు లోపే. ప్రెషర్ కుక్కరుతో పోలిస్తే ఇది పొదుపు అని చెప్పలేము. ఇక్కడ మిగిలేది డబ్బు కాదు, మన సమయం.

మధ్యలో కరెంటు పోతే?

ఇంటిలో మనిషి ఉంటే వెంటనే పొయ్యి మీదికి మార్చి వంట పూర్తిచేయాలి. ఎవరూ లేనప్పుడు ఎంతసేపు పోయిందో తెలియకపోతే, చూపుకు ఉడికినట్లున్నా దానిని వాడరాదు. గోరువెచ్చని స్థితిలో, అనగా 60 డిగ్రీలకు లోపు గంటల కొద్దీ నిలిచిన వంటకంలో సూక్ష్మక్రిములు త్వరగా పెరుగుతాయి. కొన్ని క్రిముల విషం మళ్ళీ మరిగించినా పోదు.

మిగిలిన చారును ఎలా నిలువ చేయాలి?

వండిన రెండు గంటలలోగా వెడల్పైన గిన్నెలలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాలి. మూడు రోజులలోగా వాడుకోవాలి. మళ్ళీ వేడిచేయడానికి స్లో కుక్కరును వాడరాదు. పొయ్యి మీద పూర్తిగా తెర్లనివ్వాలి. ఉలవచారు మరునాడే మరింత రుచి అన్నది వాస్తవమే గాని, ఆ మరునాటి చారు రాత్రంతా పొయ్యి గట్టు మీద ఉన్నది కాకూడదు.

శనగలు, బొబ్బర్లు, రాజ్మా కూడా ఇలాగే వండవచ్చునా?

వండవచ్చు. నానబెట్టడం, ఆ నీటిని పారబోయడం, కొత్త నీటిలో అరగంట కళపెళా ఉడికించడం అనే మూడు పనులూ వాటికీ వర్తిస్తాయి. రాజ్మా విషయంలో ఈ నియమాన్ని ఎంతమాత్రం సడలించరాదు.

ఈ చలికాలంలో ఒక సెలవు రోజున ప్రయత్నించండి. మొదటిసారి ఇంటిలో ఉండే రోజుననే చేయడం మంచిది. మీ ఊరి నీటికి, మీరు కొన్న గింజకు, మీ పాత్రకు ఎన్ని గంటలు పడుతుందో అప్పుడు తెలుస్తుంది. ఆ లెక్కను వంటింటి గోడ మీద రాసి పెట్టుకుంటే, తరువాత పనిదినాలలో కూడా ధైర్యంగా వేసి వెళ్ళవచ్చు.